రైళ్ల మీద రాళ్లు: "పిల్లలు కదా" అని ఎంతకాలం వదిలేద్దాం?

కాజీపేట కృష్ణ | ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్తే. మొన్న శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్ నుంచి ఇంటికి వస్తున్నాను. భువనగిరి దాటి కొంత దూరం వచ్చాం. స్లీపర్ పెట్టె, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. నా ఎదురు సీట్లో కిటికీ పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. బయటి నుంచి కంకర రాయి ఒకటి ఊచల మధ్యలోంచి దూసుకొచ్చి ఆమె కనుబొమ్మకు తగిలింది. ఇంకొంచెం కిందికి తగిలితే కన్ను పోయేది. పక్కనున్న అమ్మాయి చున్నీతో అదిమి పట్టుకుంది, ఎవరో నీళ్లిచ్చారు, టీటీఈ వచ్చి కట్టు కట్టించాడు. కాజీపేటలో దిగాక కుట్లు వేశారు.

పెట్టెలో ఆ తర్వాత నడిచిన మాటలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. "పిల్లలై ఉంటారు లెండి, ఆడుకుంటూ విసిరి ఉంటారు" అన్నారు చాలామంది. ఆవిడ కొడుకు కూడా కంప్లైంట్ వద్దులే అన్నాడు. పోలీసులు, సంతకాలు, మళ్లీ తిరగడం అని అతని టెన్షన్ అతనిది. అలా ఆ రాయి ఎక్కడా నమోదు కాలేదు.

వందేభారత్ అద్దం పగిలితే టీవీలో వస్తుంది. 2023 ఏప్రిల్‌లో ఖమ్మం, విజయవాడ మధ్య పడిన రాయికి ఒక పెట్టె అద్దం పగిలితే, మర్నాడు ఉదయం 5.45కి విశాఖలో బయలుదేరాల్సిన బండిని 9.45కి మార్చారు. అది అందరికీ తెలిసింది. కానీ ఆ బండిలో మనిషికీ రాయికీ మధ్య అద్దం ఉంది. స్లీపర్లో, జనరల్లో కూర్చున్నవాళ్లకు ఏముంది? ఎండాకాలం కిటికీ మూసుకుని కూర్చోగలమా? దెబ్బ ఎక్కువ తగిలేది వీళ్లకు, వార్త తక్కువ వచ్చేదీ వీళ్ల గురించే.

ఈ గుంపులో రైల్వేలో పనిచేసినవాళ్లు, పట్టాల పక్కన ఉండేవాళ్లు, టీచర్లు ఉన్నారని తెలుసు. దీన్ని ఆపడానికి ఎక్కడైనా ఏదైనా పనిచేసిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

నిజం మాట్లాడతా | ఆదివారం, రాత్రి 10.05

ఏముంది అన్నా చేయడానికి, పట్టుకుని లోపల వేయాలి. ఐదేళ్ల జైలు అని దక్షిణ మధ్య రైల్వే వాళ్లు ఎన్నిసార్లు చెప్పలేదు? ఎంతమందికి పడింది? పిల్లలైతే తల్లిదండ్రుల రేషన్ కార్డు తీసేయాలి. ఒక్క ఊళ్లో ఒక్క ఇంటికి అలా జరిగితే చుట్టుపక్కల పది ఊళ్లు సరిపోతాయి.

---

సింహాచలం శివ | ఆదివారం, రాత్రి 10.31

విశాఖ నుంచి రాస్తున్నాను. మాది కంచరపాలెం. 2023 జనవరి 11న, ఇంకా ప్రారంభం కూడా కాని వందేభారత్ మీద రాళ్లు పడింది మా ఏరియాలోనే. 15న ప్రధాని ఢిల్లీ నుంచి జెండా ఊపాల్సిన బండి అది. ముగ్గురిని పట్టుకున్నారు. ఆ తర్వాత మా ఊరి పేరు దేశమంతా మోగింది. కొన్నాళ్లపాటు ఎక్కడికి వెళ్లి కంచరపాలెం అని చెప్పినా "ఓ, రాళ్లు వేసినవాళ్లా" అనేవారు.

తప్పు తప్పే, దాన్ని సమర్థించను. కానీ పట్టాల పక్కన బతకడం అంటే ఏమిటో కూడా చూడండి. మాకు పట్టాలే పెరడు. క్రికెట్ అక్కడే, రాత్రి కూర్చునేది అక్కడే, అవతలి వీధికి దారి కూడా అదే. చేతికి అందే దూరంలో కంకర గుట్టలు. గోడ కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల పడిపోయింది, కొన్నిచోట్ల మనవాళ్లే దారి కోసం పగలగొట్టారు. రోజూ పక్కనుంచి వెళ్లే బండిని పిల్లాడు బండిగానే చూస్తాడు. లోపల మనుషులున్నారన్న సంగతి వాడికి తట్టదు.

రేషన్ కార్డు తీసేయాలన్న మాట మాత్రం నాకు నచ్చలేదు బ్రదర్. పిల్లాడు చేసిన పనికి ఇంట్లో ముసలమ్మకు బియ్యం ఆపుతామా?

---

వరంగల్ వకీలు | సోమవారం, ఉదయం 7.15

చట్టం సంగతి కొంచెం చెప్తాను, చాలామంది దీన్ని కలగాపులగం చేస్తున్నారు.

ఇక్కడ వర్తించేది 1989 రైల్వే చట్టం. అపాయం కలిగించాలన్న ఉద్దేశంతోనో, కలుగుతుందని తెలిసో రైలు మీద రాయి, కట్టె ఏది విసిరినా 152వ సెక్షన్. దానికి యావజ్జీవం లేదా పదేళ్ల వరకు జైలు. చట్టవిరుద్ధమైన పనితో ప్రయాణికుల భద్రతకు ముప్పు తెస్తే 153, ఐదేళ్ల వరకు. మీరు వినే "ఐదేళ్ల జైలు" ఇదే. నిర్లక్ష్యంతో చేసినదైతే 154, ఏడాది వరకు. 153, 154 కేసుల్లో రైల్వే రక్షణ దళం, అంటే ఆర్‌పీఎఫ్, తనే విచారణ చేయగలదు. 150 నుంచి 152 దాకా వచ్చేవి పోలీసు దర్యాప్తు, అంటే రాష్ట్ర ప్రభుత్వం కింద ఉండే రైల్వే పోలీసు, జీఆర్‌పీ చూస్తుంది. ప్రయాణికుడికి ఇద్దరూ ఖాకీలే, ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక తిరుగుతాడు.

పిల్లల విషయం వేరు. ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది అసలు నేరమే కాదు, భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ అదే చెబుతుంది. 18 లోపు వాళ్లను 2015 బాల న్యాయ చట్టం ప్రకారం జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకే తీసుకెళ్లాలి. మామూలు కేసుల్లో వాళ్ల మీద ఎఫ్‌ఐఆర్ కూడా ఉండదు, స్టేషన్ డైరీలో రాసి, ఇంటి పరిస్థితుల మీద నివేదిక ఇస్తారు. 2023లో దక్షిణ మధ్య రైల్వే చెప్పినదాని ప్రకారం ఇలాంటి కేసుల్లో దొరికినవాళ్లలో 6 నుంచి 17 ఏళ్ల పిల్లలు ఉన్నారు. కాబట్టి "లోపల వేయాలి" అన్నది అలాంటి కేసుల్లో మాటగానే మిగులుతుంది.

రేషన్ కార్డు రద్దు చేసే అధికారం ఈ చట్టాల్లో ఎవరికీ లేదు.

కృష్ణ గారూ, ఆ పెద్దావిడ కొడుకు కంప్లైంట్ ఇచ్చి ఉండాల్సింది. ఇప్పటికీ ఇవ్వొచ్చు. టికెట్, ఆస్పత్రి చీటీ ఉంటే చాలు.

---

నిజం మాట్లాడతా | సోమవారం, ఉదయం 8.02

అంటే పిల్లలకు శిక్ష లేదు, పెద్దవాళ్లను పట్టుకోలేం. మరి 2019 నుంచి 2023 జూన్ వరకు వందేభారత్‌ల మీద రాళ్లకు 55.60 లక్షల నష్టం వచ్చిందని, 151 మందిని అరెస్టు చేశామని రైల్వే మంత్రి లోక్‌సభలో చెప్పారు కదా. ఆ డబ్బు ఎవరిది? మనదే.

---

పాత డ్రైవర్ | సోమవారం, ఉదయం 10.48

నేను లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాను, ఉండేది కాజీపేటలోనే. డబ్బు సంగతి తర్వాత, ముందు ఇంజన్ అద్దం దగ్గర ఏం జరుగుతుందో చెప్తాను.

గంటకు 130 కిలోమీటర్లంటే సెకనుకు 36 మీటర్లు. ఎదురుగా ఒకడు రాయిని ఊరికే గాల్లోకి వదిలినా సరే, అది మాకు తగిలేది బండి వేగంతో. పావు కిలో కంకర రాయి ఆ వేగంతో వస్తే ఫాస్ట్ బౌలర్ బంతి కన్నా గట్టిగా తగులుతుంది. బ్యాట్స్‌మన్‌కు హెల్మెట్ ఉంటుంది. మాకు అద్దం, దాని ముందు ఇనుప జాలీ, అదీ అన్ని ఇంజన్లకూ ఒకేలా ఉండదు. రాయి జాలీకి తగిలి ముక్కలైతే ఆ ముక్కలు లోపలికి వస్తాయి. నా అసిస్టెంట్ ఒకతనికి గాజు పెంకులు చెంపలో దిగాయి. నెత్తురు కారుతుంటే ఒక చేత్తో తుడుచుకుంటూ, రెండో చెయ్యి ఎత్తి సిగ్నల్ రంగు గట్టిగా చెబుతూ వచ్చాడు తర్వాతి స్టేషన్ దాకా. ఎందుకంటే ఆపలేం. ఆ వేగంలో బ్రేకు వేస్తే బండి ఆగడానికి కిలోమీటరు పడుతుంది, ఆగిన చోట దాడి చేసినవాళ్లు ఇంకా ఉంటే వెనక వెయ్యి మంది ప్రయాణికులు. తల వంచుకుందామన్నా కుదరదు. కళ్లు సిగ్నల్ మీద నుంచి తీయకూడదు.

ఇంకో సంగతి. రాయి విసరడం కన్నా పట్టా మీద రాయి పెట్టడం ప్రమాదం. పిల్లలు నాణెం పెడతారు, కంకర పేరుస్తారు. బండి దాన్ని పొడి చేసుకుంటూ పోతుంటే వాళ్లకు అదో వినోదం. పెద్ద బండరాయి పెడితే వినోదం కాదు, పట్టాలు తప్పించే ప్రయత్నం. దాన్ని చట్టం ఎలా చూస్తుందో వకీలు గారు చెప్పాలి.

మా అనుభవంలో రాళ్లు ఎక్కువ పడేది సెలవుల్లో, సాయంత్రం బడి వదిలాక. సంక్రాంతికైతే గాలిపటాల టెన్షన్ వేరే. దారం 25 వేల వోల్టుల కరెంటు తీగకు చిక్కుకుంటే దాన్ని లాగడానికి పిల్లలు కర్రలు పట్టుకుని వస్తారు. ఆ దృశ్యం చూస్తే హారన్ మీద నుంచి చెయ్యి తీయబుద్ధి కాదు.

---

వరంగల్ వకీలు | సోమవారం, ఉదయం 11.20

పట్టా మీద అడ్డం పెట్టి రైలును పడగొట్టాలని చూస్తే 150వ సెక్షన్. యావజ్జీవం, లేదా పదేళ్ల వరకు కఠిన జైలు. దానివల్ల ఎవరైనా చనిపోతే మరణశిక్ష దాకా పోవచ్చు. మీరన్నది నిజం, అది వేరే స్థాయి నేరం.

---

లలిత టీచర్ | సోమవారం, సాయంత్రం 5.30

పాత డ్రైవర్ గారు రాసింది చదివాక ఇంటి పని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

నేను నిడదవోలు వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో చెప్తాను. బడి గోడ ఎక్కితే పట్టాలే. ఏలూరు, రాజమండ్రి మధ్య రాళ్లు ఎక్కువ పడుతున్నాయని రైల్వే వాళ్లు చెప్పినప్పుడు మా బడికి కూడా ఆర్‌పీఎఫ్ వాళ్లు వచ్చారు. ప్రార్థన సమయంలో మైకు పట్టుకుని ఐదేళ్ల జైలు, పదేళ్ల జైలు అని చెప్పి వెళ్లారు. పిల్లలు రెండు వారాలు భయపడ్డారు. మూడో వారం మామూలే.

తర్వాత నేను ఎనిమిదో తరగతిలో అడిగాను, "ఎందుకు వేస్తార్రా?" అని. తిట్టను అని మాట ఇచ్చాక చెప్పారు. "చప్పుడు బాగుంటుంది టీచర్", "ఎవరిది తగులుతుందో పందెం టీచర్". ఇంకొకడు అన్నాడు, "అందులో వెళ్లేవాళ్లు మనల్ని చూడరు కదా టీచర్". ఈ చివరి మాట నన్ను చాలాకాలం వెంటాడింది. ఏసీ పెట్టెల అద్దాలు నల్లగా ఉంటాయి. లోపల ముఖం కనబడదు. పేదింటి పిల్లాడికి ఆ బండి తనది కాదు, ఎప్పుడూ ఎక్కలేదు, ఎక్కుతానని కూడా అనుకోడు.

అప్పుడు నేను చేసింది ఒక్కటే. మా బడిలో చదివే ఒకమ్మాయి తండ్రి రైల్లో పల్లీలు అమ్ముతాడు. ఆయన్ని తరగతికి పిలిచాను. రోజంతా తలుపు దగ్గర నిలబడే మనిషి ఆయన. భుజం మీద రాయి తగిలిన మచ్చ చూపించి, ఆ రోజు సరుకు మొత్తం ఎలా పడిపోయిందో, ఇంటికి ఏమీ తేలేకపోయిన సంగతి చెప్పాడు. అందరికీ తెలిసిన మనిషి, వాళ్ల వీధిలో మనిషి. తరగతిలో ఒక్కరూ కదల్లేదు. తర్వాత ఇద్దరు పిల్లలు నా దగ్గరికి వచ్చి ఎవరెవరు వేస్తారో వాళ్లే చెప్పారు, పేర్లు పోలీసులకు ఇవ్వొద్దని అడిగారు. ఇవ్వలేదు. వాళ్ల ఇళ్లకు వెళ్లి తల్లులతో మాట్లాడాను.

పూర్తిగా ఆగిపోయిందని చెప్పను. మా బడి పిల్లల వరకు చాలా తగ్గిందని మాత్రం గట్టిగా చెప్పగలను.

---

కాజీపేట కృష్ణ | సోమవారం, రాత్రి 8.10

లలిత మేడమ్, దీని కోసమే అడిగాను. చాలా థాంక్స్. పల్లీలు అమ్మే ఆయన మాట జైలు మాట కన్నా లోతుగా దిగిందంటే నమ్ముతాను.

డ్రైవర్ గారూ, మీరు కాజీపేటలోనే ఉన్నారా? నేను డీజిల్ కాలనీ వైపు. ఒకసారి కలవాలి బాబాయ్.

---

నిజం మాట్లాడతా | సోమవారం, రాత్రి 8.45

మేడమ్ చేసింది మంచి పని, కాదనను. కానీ అన్నీ పిల్లల ఖాతాలో వేస్తే ఎలా? 2016 జనవరి 31న తునిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబెట్టింది పిల్లలా? 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో పెట్టెలు తగలబెట్టింది పిల్లలా? రత్నాచల్ కేసును 2023 మేలో విజయవాడ రైల్వే కోర్టు కొట్టేసింది. పెట్టెలు కాలి బూడిదయ్యాయి, ఏడేళ్లు కేసు నడిచింది, ఒక్కరికీ శిక్ష లేదు. ఇది చూసిన పిల్లాడు రాయి తీయకుండా ఉంటాడా?

---

మోడరేటర్ | సోమవారం, రాత్రి 9.30

దీని కింద వచ్చిన కొన్ని పోస్టులు తీసేశాం. తుని, సికింద్రాబాద్ సంఘటనల గురించి మాట్లాడొచ్చు. కులం పేరుతో, పార్టీ పేరుతో తిట్లు వద్దు. రైలు మీద దాడి, దాని ఫలితం, దాని కేసు వరకే ఉండండి.

---

కాజీపేట కృష్ణ | సోమవారం, రాత్రి 10.02

నిజం అన్నా, నీ కోపం నాకు అర్థమైంది. ఆ రెండూ వేరే రకం. తునిలో కాపు రిజర్వేషన్ల డిమాండ్ కోసం, సికింద్రాబాద్‌లో అగ్నిపథ్ వల్ల సైన్యంలో ఉద్యోగం పోతుందన్న బాధతో వచ్చిన గుంపులు అవి. సికింద్రాబాద్‌లో పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడి ప్రాణం కూడా పోయింది. కానీ ఒక్క చోట కలుస్తాయి. ప్రభుత్వం మీద కోపం వస్తే ముందు కనిపించేది రైలే. రోడ్డు కన్నా, ఆఫీసు కన్నా అది పెద్దగా కనిపిస్తుంది, పారిపోదు, కొట్టినా తిరిగి కొట్టదు. రత్నాచల్ రోజూ విశాఖ నుంచి విజయవాడకు ఆఫీసు పనుల మీద, ఆస్పత్రులకు వెళ్లేవాళ్ల బండి. ఆ రోజు వాళ్లు తునిలో సామాన్లు వదిలేసి పొలాల మీద పడి పరుగెత్తారు.

పెద్దవాళ్లకు శిక్ష పడాలన్నదానిలో నేను నీతోనే ఉన్నాను. నేర విచారణ సరిగా చేయకుండా కేసు వీగిపోయేలా వదిలేయడం నాకూ మండుతుంది.

---

స్వాతి | మంగళవారం, ఉదయం 9.12

రాళ్ల గురించే మాట్లాడుతున్నారు, లోపలి సంగతి కూడా ఇక్కడ రాయొచ్చా? నేను రోజూ హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌లో ఆఫీసుకు వెళ్తాను. ఆడవాళ్ల పెట్టెలోకి మగవాళ్లు ఎక్కడం మామూలైపోయింది. రాత్రి ట్రిప్పుల్లో తాగి ఎక్కి తలుపు దగ్గర నిలబడి పాటలు, మాటలు. దిగమంటే "నెక్స్ట్ స్టేషన్లో దిగిపోతాంలే అక్కా" అంటారు, దిగరు. సీట్లు కోసేస్తారు, స్పాంజి పీకేస్తారు, ఫ్యాను రెక్కలు వంచేస్తారు, కిటికీ పక్కన గుట్కా ఉమ్ములు ఎండిపోయి ఉంటాయి.

రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయమంటారు. చేశాను. రైలు ఏది, ఏ పెట్టె, ఇప్పుడు ఎక్కడ అని అడుగుతారు, అది న్యాయమే. కానీ వాడు రెండు అడుగుల దూరంలో నిలబడి నేను మాట్లాడేది వింటుంటాడు. పైగా లోకల్ బండికి స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య నాలుగైదు నిమిషాలే. వాళ్లు వచ్చేలోపు అతను దిగిపోతాడు, లేదా నేనే భయంతో దిగిపోతాను.

---

వరంగల్ వకీలు | మంగళవారం, ఉదయం 10.30

ఆడవాళ్లకు కేటాయించిన పెట్టెలో ఎక్కితే 162వ సెక్షన్. 500 రూపాయల వరకు జరిమానా, టికెట్ రద్దు, దింపేయడం. తాగి గొడవ చేస్తే 145, ఆరు నెలల వరకు జైలు, 500 వరకు జరిమానా. పెట్టెలో పొగతాగితే 167, 100 రూపాయలు. స్టేషన్లో ఉమ్మితే, చెత్త వేస్తే 2012లో వచ్చిన నిబంధనల ప్రకారం 500 వరకు. ఈ మొత్తాలు చూడండి. 1989లో 100 రూపాయలంటే భయం ఉండేది. ఇప్పుడు సిగరెట్ పెట్టె కూడా రాదు. జరిమానా పెంచాలని అడగడం న్యాయమైన డిమాండ్.

---

లండన్ ప్రవాసి | మంగళవారం, మధ్యాహ్నం 3.40

స్వాతి గారూ, మీరు చెప్పిన ఇబ్బందికి ఇక్కడ ఒక మార్గం చూశాను. బ్రిటన్‌లో రైళ్ల కోసం వేరే పోలీసు దళం ఉంది, బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీస్. వాళ్లకు 61016 నంబరుకు మెసేజ్ పెట్టొచ్చు. మాట్లాడక్కర్లేదు. ఫోన్లో ఏదో టైప్ చేస్తున్నట్టే ఉంటుంది, పక్కవాడికి తెలియదు. ఆ నంబరు చాలా రైళ్లలో కనబడేలా అంటించి ఉంటుంది.

ఇక్కడ అంతా బాగుందని అనుకోకండి. శుక్రవారం రాత్రి చివరి రైళ్లలో తాగినవాళ్ల గొడవ ఇక్కడా ఉంది. రాత్రిళ్లు యార్డుల్లోకి దూరి పెట్టెల మీద స్ప్రే పెయింట్ కొట్టేవాళ్లు ఉన్నారు. అది తుడిచేదాకా ఆ పెట్టెలు తిరగవు, ఉదయం బండికి పెట్టెలు తక్కువై జనం నిలబడి వెళ్లాలి. పట్టాల మీదకు వెళ్లి, కొన్ని లైన్లలో రైలుకు కరెంటు ఇచ్చే మూడో పట్టా తగిలి చనిపోయే పిల్లలూ ఉన్నారు. అందుకే స్కూళ్లకు వెళ్లి చెప్పే పని ఇక్కడ కూడా చాలా ఏళ్లుగా చేస్తున్నారు. లలిత గారు చేసింది చదివి నాకు గర్వంగా అనిపించింది.

---

స్వాతి | మంగళవారం, సాయంత్రం 6.55

మెసేజ్ నంబరు చాలా మంచి ఆలోచన అండీ. మనకు రైల్వే ఫిర్యాదుల కోసం రైల్‌మదద్ యాప్ ఉంది, రాసి పంపొచ్చు. కానీ ఎంఎంటీఎస్ పెట్టెలో దాని గురించి కనబడేలా అంటించింది నేను చూడలేదు. ఎక్కువమందికి 139 అంటే పీఎన్‌ఆర్ చూసుకునే నంబరనే తెలుసు. ఒకటి నొక్కితే భద్రత, వైద్య సాయం అని చాలామందికి తెలియదు.

నా అనుభవంలో పనిచేసింది ఇంకొకటి ఉంది. పెట్టెలో ముందే ముఖపరిచయం ఉన్న నలుగురైదుగురు ఒకేసారి లేచి నిలబడటం. గొడవ అక్కర్లేదు. ఒక్కరు అడిగితే నవ్వుతారు, ఐదుగురు లేస్తే దిగుతారు. మా బండిలో మేం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం, ఏ పెట్టె ఎక్కుతున్నామో చెప్పుకుంటాం.

---

ట్రాక్ రమేష్ | మంగళవారం, రాత్రి 9.18

నేను ట్రాక్ మెయింటెయినర్ని. పాత మాటలో గ్యాంగ్‌మ్యాన్. కృష్ణన్న మొదటి పోస్టులో ఆ రాయి ఎక్కడా నమోదు కాలేదు అన్నాడు కదా, దాని గురించే రాస్తున్నా.

రాయి పడగానే ప్రయాణికులు "భువనగిరి దాటాక" అంటారు. భువనగిరి దాటాక ఎక్కడ? కాజీపేట దాకా దాటడమే కదా. పట్టాల పక్కన కరెంటు స్తంభాల మీద నంబర్లు ఉంటాయి, పైన కిలోమీటరు, కింద ఆ కిలోమీటరులో ఎన్నో స్తంభం. ఆ నంబరు చూసి చెబితే పోలీసులకైనా మాకైనా ఏ గుడిసె వెనకో, ఏ చెట్టు కిందో తెలిసిపోతుంది. చీకట్లో కనబడకపోతే ఫోన్ తీసి మ్యాపులో ఉన్నచోటు ఒక స్క్రీన్‌షాట్ కొట్టండి, టైమ్ కూడా అందులోనే పడుతుంది. ఒకే స్తంభం దగ్గర మూడుసార్లు అని వస్తే అక్కడ మనిషిని పెడతారు. ఎవరూ చెప్పకపోతే ఏ స్తంభం దగ్గరా ఏమీ జరగనట్టే లెక్క.

మా బాధ ఇంకోటి. రాత్రి పట్టాల మీద కూర్చుని తాగి సీసాలు పట్టాకేసి కొట్టి పోతారు. పొద్దున పట్టాలు చూసుకుంటూ పోయే కీమ్యాన్ భుజాన సుత్తి, స్పానర్ వేసుకుని నడిచేది ఆ గాజు మీదే. పట్టాను దాని కింది దిమ్మెకు (స్లీపర్) పట్టి ఉంచే క్లిప్పులు పీకి పాత ఇనుము కొట్టుకు అమ్ముకునేవాళ్లున్నారు. సిగ్నల్ కేబుల్ రాగి కోసం కోసేస్తారు. కేబుల్ తెగితే సిగ్నల్ ఎర్రగా నిలిచిపోతుంది, బండ్లు ఆగిపోతాయి, ప్రయాణికులు మమ్మల్ని తిడతారు. కొన్న పాత ఇనుము వ్యాపారికి కూడా కేసు ఉంటుందని వాళ్లకు తెలియాలి.

---

వరంగల్ వకీలు | మంగళవారం, రాత్రి 9.50

రమేష్ చెప్పింది సరైనది. 1966 నాటి చట్టం ఉంది, రైల్వే సొత్తు అక్రమంగా దగ్గర పెట్టుకుంటే ఐదేళ్ల వరకు జైలు. దొరికినవాడు అది తన దగ్గరికి న్యాయంగా వచ్చిందని తనే రుజువు చేసుకోవాలి. దొంగను పట్టుకోవడం కన్నా కొట్టు మీద నిఘా పెట్టడం తేలిక.

---

పాత డ్రైవర్ | బుధవారం, ఉదయం 6.40

చైన్ గురించి ఎవరూ ఎత్తలేదు. ఇల్లు పట్టాల పక్కనే ఉందని, స్టేషన్ దాకా వెళ్లి ఆటో ఎందుకని లాగి దిగిపోయేవాళ్లను ఎంతమందిని చూశానో. బండి పొడవునా ఉండే బ్రేకు పైపులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు ఉంటుంది. చైన్ లాగితే ఆ పెట్టెలో గాలి బయటికి పోతుంది, ఒత్తిడి పడిపోతుంది, బ్రేకులు పట్టేస్తాయి. ఏ పెట్టెలో లాగారో వెతుక్కుంటూ అసిస్టెంటో గార్డో కంకర మీద నడిచి వెళ్లి, దాన్ని మళ్లీ సరిచేసి, గాలి నిండేదాకా ఆగి కదలాలి. వంతెన మీద ఆగితే మా కుర్రాడు చీకట్లో, కింద నీళ్లు కనబడుతుంటే, పట్టుకోవడానికి చోటు లేని చోట నడవాలి. ఒకడి ఆటో డబ్బుల కోసం. వెనక వచ్చే బండ్లన్నీ వరసగా ఆగుతాయి.

సరైన కారణం లేకుండా లాగితే 141వ సెక్షన్, ఏడాది దాకా జైలు, 1000 దాకా జరిమానా. మనిషి బండి కింద పడబోతున్నా, నిప్పు అంటుకున్నా ఆలోచించకుండా లాగండి. దానికే అది ఉంది.

కృష్ణా, శనివారం ఖాళీయే. ఇంటికి రా.

---

కాజీపేట కృష్ణ | బుధవారం, రాత్రి 9.05

బాబాయ్, తప్పకుండా వస్తాను. ఈలోగా రెండు పనులు జరిగాయి. ఆ పెద్దావిడ కొడుకుతో మాట్లాడాను. వకీలు గారి మాట, రమేష్ మాట చదివి వినిపించాను. కంప్లైంట్ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, నేను సాక్షిగా వెళ్తున్నాను. రాయి పడినప్పుడు నేను ఇంట్లో వాళ్లకు ఫోన్ చేశాను, ఆ టైమ్ ఫోన్లో ఉంది. బండి టైమ్‌తో కలిపి చూస్తే ఆలేరు రాకముందే అని తేలుతోంది. స్తంభం నంబరు దాకా రాకపోయినా ఏ రెండు స్టేషన్ల మధ్య అన్నది చెప్పగలం.

రెండోది, ఆ లైన్లో ఉన్న ఒక హైస్కూల్ హెడ్‌మాస్టర్ నాకు దూరపు బంధువు. మీరు వచ్చి మాట్లాడితే ఒక పీరియడ్ ఇస్తానన్నాడు. లలిత మేడమ్, మీరు ఎనిమిదో తరగతిలో ఏం అడిగారో, ఎలా మొదలుపెట్టారో కొంచెం వివరంగా రాసి పంపగలరా? నాకు పిల్లలతో మాట్లాడటం అలవాటు లేదు.

---

లలిత టీచర్ | బుధవారం, రాత్రి 9.48

పంపిస్తాను తమ్ముడూ. ఒక్క మాట ముందే చెప్తున్నా, జైలు మాటతో మొదలుపెట్టకండి. డ్రైవర్ గారిని ముందు మాట్లాడనివ్వండి. ఇంజన్ ఎలా నడుస్తుంది, హారన్ ఎప్పుడు కొడతారు, రాత్రి ఎలా కనబడుతుంది, ఇవన్నీ పిల్లలు ఎగబడి అడుగుతారు. అన్నిటికీ ఓపికగా చెప్పాక అప్పుడు అద్దం సంగతి, అసిస్టెంట్ చెంప సంగతి చెప్పించండి. ఆడపిల్లలను కూడా కూర్చోబెట్టండి, ఇంట్లో తమ్ముళ్లను ఆపేది వాళ్లే. వీలైతే ఆ పెద్దావిడను అడగండి, వస్తానంటే ఇంకా మంచిది, బలవంతం చేయొద్దు.

---

సింహాచలం శివ | బుధవారం, రాత్రి 10.15

మేడమ్, అది నాకూ పంపండి. మా కంచరపాలెంలో యూత్ అసోసియేషన్ ఉంది, వినాయక చవితికి కలిసేవాళ్లమే. మా వీధి వెనక గోడ పడిపోయిన చోట సాయంత్రాలు పెద్దవాళ్లం ఇద్దరిద్దరం కూర్చుందామని మాట్లాడుకుంటున్నాం.

---

నిజం మాట్లాడతా | బుధవారం, రాత్రి 11.02

శిక్ష ఉండాలన్న మాట మీద నేను అలాగే ఉన్నాను. కానీ కృష్ణన్నా, మాది జనగామ. ఆ బడికి వెళ్లే రోజు చెప్తే బండి తీసుకుని వస్తా, డ్రైవర్ గారిని నేనే ఎక్కించుకుంటా.

---

ట్రాక్ రమేష్ | గురువారం, ఉదయం 5.20

డ్యూటీకి పోతూ రాస్తున్నా. తారీఖు చెప్పండి. సెలవు దొరికితే ఒక పాత క్లిప్పు, అద్దానికి పెట్టే జాలీ ముక్క ఆఫీసులో అడిగి తెస్తా. పిల్లలు చేత్తో పట్టుకుని చూడాలి.